పోయినాం, తియ్యలేదు

నా ఉద్యోగం ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. స్కానింగ్ ఎవరు తీయించుకున్నారు, ఎక్కడ తీయించుకున్నారు, ఎంత ఖర్చయింది, తీయించుకోమని డాక్టరు చెప్పినా తీయించుకోనివాళ్ళు ఎందుకు తీయించుకోలేదు, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి అడగడం నా పని. మేం అడిగి తెచ్చిన సంగతులన్నీ హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థకు పోతాయి. అక్కడివాళ్ళు లెక్కలు కట్టి, ఏ ఊళ్ళో మిషను పెట్టాలి, ఎవరికి ఉచితంగా తీయాలి అని ప్రభుత్వానికి నివేదిక రాస్తారు. ఇంత వివరంగా చెప్పాక కూడా మా పక్కింటావిడ, అయితే నువ్వు స్కానింగ్ తీస్తావా అని అడుగుతుంది. తీయనమ్మా తల్లీ, అడుగుతాను అంతే అంటే, అడిగినందుకు కూడా జీతం ఇస్తారా అని నోరు వెళ్ళబెడుతుంది. ఆవిడతో వాదించడం నేను మానేశాను.

నెల్లూరు చుట్టుపక్కల కాస్త భూమీ పుట్రా ఉన్న ఇళ్ళకు పోతే మా పని హాయిగా సాగుతుంది. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, బీరువా మీద నుంచి పెద్ద పెద్ద కవర్లు దించుతారు. రైసుమిల్లులో వాటా ఉన్న ఒక పెద్దాయన తన నడుము ఫిల్ములూ మెడ ఫిల్ములూ మంచం మీద వరసగా పరిచి, పెళ్ళి ఫోటోలు చూపించినట్టు చూపించాడు. డాక్టరు ఏమన్నాడండీ అని అడిగితే, ఏమీ లేదన్నాడమ్మా అని దిగులుగా చెప్పాడు. ఏమీ లేదనేసరికి నమ్మకం కలగక ఇంకోచోట తీయించాడట. అక్కడా ఏమీ లేదన్నారట. ఈసారి మద్రాసు పోతానన్నాడు. ఇంకొకాయనైతే ఆ స్కానింగ్ గొట్టంలోకి పోయి వచ్చినప్పటి నుంచి మోకాలి నొప్పి సగం తగ్గిందని ఒట్టేసి చెప్పాడు. నాకు నవ్వు ఆగలేదు, కానీ నవ్వితే ఉద్యోగం ఉండదు కాబట్టి దగ్గినట్టు నటించాను.

వాళ్ళను నేను తప్పు పట్టను. చేతిలో డబ్బుంది, వీధి చివర సెంటరుంది, డాక్టరు రాసిచ్చాడు, పోయి పడుకున్నారు. నాకు తిక్క రేగేది సముద్రం వైపు ఊళ్ళకు పోయినప్పుడు.

ఆ ఊళ్ళలో ఆడవాళ్ళ దగ్గర నాకొక జవాబు ఎదురయ్యేది. కడుపులో నొప్పనో, గడ్డనో, నెలసరి తేడా అనో స్కానింగ్ తీయించుకోమని డాక్టరు చెప్పి ఉంటాడు. తీయించుకున్నావా అమ్మా అని అడుగుతాను. "పోయినాం, తియ్యలేదు" అంటారు. ఎవరు తియ్యలేదు? వాళ్ళే. ఎందుకు తియ్యలేదు? ఏమో మా, రేపు రమ్మన్నారు. మరి మళ్ళీ పోయినావా? పోలా. ఇక ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చీర చెంగు చూసుకుంటూ కూర్చుంటారే గాని నోరు విప్పరు. డబ్బు లేకనా అంటే కాదు, అక్కడ ఉచితమే. మిషను చెడిపోయిందా అంటే లేదు, పక్కనామెకు తీశారు. భయమా అంటే, భయమెందుకు, అదేమన్నా సూదా అని నన్నే అడుగుతారు.

మా సంస్థలో మాకు పని చెప్పే మేడం మంచి మనిషి. బాగా చదువుకుంది, ఎప్పుడూ గొంతు పెంచదు. మేం రాసే కారణాల్లో డబ్బు ఉంది, దూరం ఉంది, భయం ఉంది, మిషను పనిచేయకపోవడం ఉంది, అవసరం లేదనుకోవడం ఉంది. ఈ ఆడవాళ్ళను ఎందులో వేయమంటారని ఫోనులో అడిగితే, రెండోసారి పోలేదంటే అవసరం అనుకోలేదనే కదా, అందులో వేసేయండి అంది. అది కాదు మేడం అన్నాను. మరేమిటో చెప్పండి అంది. అదే తెలిస్తే నేను ఫోను ఎందుకు చేస్తాను? ఒళ్ళు మండి ఫోను పెట్టేశాను. చివరికి ఆమె చెప్పినట్టే వేశాను, వేరే దారి లేక.

ఇది ఇలా ఉండగా మా వదిన ఫోను చేసింది. మా పెద్దన్న భార్య. వాళ్ళ ఊరు సముద్రానికి దగ్గర, రొయ్యల గుంటల మధ్య ఉంటుంది. ఉన్న కాస్త పొలంలో వరి పెడతారు, రెండు గేదెలున్నాయి. మా అమ్మ పోయేనాటికి నేనింకా బడికి పోతున్నాను. నాకు జడ వేసిందీ, పెద్దమనిషినైనప్పుడు ఏం చేయాలో చెప్పిందీ, పెళ్ళిలో నా పక్కన నిలబడిందీ ఈ వదినే. అందుకే ఆమె ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడితే నాకు భయం వేసింది.

నెలసరి ఆగిపోయి ఏళ్ళయిన మనిషికి మళ్ళీ మొదలైందట. నార్లు పోసే రోజుల్లోనే మొదలైందట. మండలంలో ఉన్న డాక్టరమ్మ చూసి, ఈ వయసులో ఇలా రక్తం కనబడితే ఊరుకోకూడదు, లోపల గర్భసంచిలో చెడ్డది ఏమైనా ఉందేమో చూడాలి, వెంటనే కడుపు స్కానింగ్ తీయించుకుని రా అని చీటీ రాసిచ్చిందట. ఇప్పుడు కోతలు కూడా అయిపోయాయి. తీయించుకున్నావా వదినా అని అడిగాను.

"రెండు తూర్లు పోయినానమ్మాయ్. తియ్యలేదు," అంది.

ఎందుకు తియ్యలేదు అంటే అందరూ చెప్పే మాటే చెప్పింది. రేపు రమ్మన్నారు. నాట్లు పడ్డాయి, కుదరలేదు. నేను తిట్టాను. వదినను నేను తిట్టగలను, ఆమె పట్టించుకోదు కాబట్టి. అన్న ఏం చేస్తున్నాడు అంటే, మీ అన్నకు ఇది ఎట్ట చెప్పేది, నీరసానికి మందులు తెచ్చుకుంటా ఉండానని చెప్పినా అంది. సరే, ఈసారి నేను వస్తాను, నా కళ్ళెదుట ఎట్లా తియ్యరో చూస్తాను అన్నాను. ఎవడో చెయ్యి చాపుతున్నాడు, లేదా పల్లెటూరి మనిషని తోసేస్తున్నారు, అదే అయి ఉంటుందని నా నమ్మకం. ఆ మనిషిని ఎలా కడిగేయాలో కూడా దారి పొడుగునా మనసులో అనుకుంటూ పోయాను.

ముందురోజు సాయంత్రానికే వాళ్ళ ఊరు చేరాను. పొద్దున్నే వదిన నాకు ఇడ్లీ, సాంబారు పెట్టింది. తాను మాత్రం ఒక ఇడ్లీ కారప్పొడిలో అద్దుకుని తినేసి లేచింది. కాఫీ తాగలేదు. నేనూ కాఫీ వద్దన్నాను. బస్సు ప్రయాణం రోజు నేను కాఫీ తాగను, అదేమీ నాకు వింతగా తోచలేదు. నీళ్ళ సీసా నింపుకుని సంచిలో పెట్టుకున్నాం. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. ఎండలు ముదిరాయి. గుంటల్లో తిరిగే చక్రాల చప్పుడు, ఆ వాసన, రోడ్డుకు రెండు వైపులా నీళ్ళే. మధ్యలో దిగి ఇంకో బస్సు పట్టుకుని, ఆటో ఎక్కి, నేనుండే టౌనులోనే ఉచితంగా తీసే ఆస్పత్రికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. ఆస్పత్రి పేరెందుకులెండి.

స్కానింగ్ గది ముందు బెంచీలు నిండి ఉన్నాయి. ఆడవాళ్ళను పిలిచే ఆయమ్మ మా చీటీ తీసుకుంది. చెయ్యి చాపలేదు, విసుక్కోలేదు. వదిన వంతు త్వరగానే వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆయమ్మ ఒకే ఒక్క మాట అడిగింది, యూరిన్ ఫుల్‌గా ఉందా అమ్మా అని. వదిన తల అడ్డంగా ఊపింది. అయితే బయట కుళాయి ఉంది, కడుపునిండా నీళ్ళు తాగి, ఒంటికి పోకుండా కూర్చో, ఇంక ఆపుకోలేను అన్నప్పుడు చెప్పు అని చీటీని అడుక్కు తోసింది.

సరే, నీళ్ళే కదా అనుకున్నాను. సీసా ఇచ్చాను. తాగింది. మళ్ళీ నింపుకొచ్చాను. అదీ తాగింది. కూర్చున్నాం. టౌను ఆడవాళ్ళు ఒకరొకరే వస్తున్నారు, ఇంట్లో నీళ్ళు తాగి ఆటోలో వచ్చినవాళ్ళు, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, త్వరగా పిలవమ్మా అని బతిమాలుతున్నారు. వాళ్ళను పిలుస్తున్నారు. వదిన మాత్రం కదలకుండా కూర్చుంది. వచ్చిందా వదినా అంటే రాలేదంటుంది. ఎండలో అంతదూరం వచ్చిన ఒళ్ళు, తాగిన నీళ్ళన్నీ ఎటు పోయాయో అటే పోయాయి. మధ్యాహ్నం దాటింది. లోపల డాక్టరు లేచిపోయాడు. ఆయమ్మ బయటికి వచ్చి, రేపు రాపోమ్మా అంది.

నాలో ఉన్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. ఇంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఇలా పంపిస్తారా, ఇది మూడోసారి, మీకు మనసుందా లేదా అని బెంచీల మీద ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేలా అరిచాను. ఆయమ్మ ఎదురు అరవలేదు. "నేనేం చేసేదమ్మా, మూత్రం సంచి నిండకపోతే లోపల బొమ్మ కనపడదు" అంది. నిజమే. ఆ సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా స్కానింగ్‌ల గురించే అడుగుతున్నదాన్ని, నాకు తెలియక కాదు.

అప్పుడు వదిన మీదికి మళ్ళాను. మొదటిసారీ ఇదే చెప్పారా? అవునంది. రెండోసారీ ఇదేనా? ఇదేనంది. మరి పొద్దున్నే ఇంటి దగ్గర రెండు చెంబులు తాగి రావడానికి ఏం రోగం అని అడిగాను. వదిన చుట్టూ చూసి, నన్ను మెట్ల పక్కకు లాగి, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది.

"తాగి బస్సెక్కితే దారిలో యాడ పోయేదమ్మాయ్?" అంది.

ఒకప్పుడు ఆ రోడ్డు పొడుగునా తుమ్మ చెట్లుండేవి, బస్సు ఆపమని అడిగితే ఆ చాటుకు పోయి వచ్చేవాళ్ళు. గుంటలు తవ్వాక చెట్లు పోయాయి. ఇప్పుడు ఎటు చూసినా గట్లు, కంచెలు, గుంటలకు కాపలా ఉండే మగవాళ్ళు. బస్సు మారే చోట ఉన్న బాత్రూముకు తాళం. తాళం తీసిన రోజున లోపలికి అడుగుపెట్టలేం. దానికి తోడు ఈమెకు ఆ కనబడటం ఒకటి. అందుకని ఊరికి పోవాలంటే ముందురోజు సాయంత్రం నుంచే ఆడవాళ్ళు నీళ్ళు ముట్టరు. ఇది వాళ్ళు అనుకుని చేసేది కూడా కాదు. ఊరికి పోయే రోజు తల దువ్వుకున్నట్టే, నీళ్ళు తాగకపోవడం కూడా. నాకు ఎందుకు తట్టలేదంటే, నేనూ అంతే. సర్వేకు పోయే రోజు నా సంచిలో నీళ్ళ సీసా నిండుగా పోతుంది, నిండుగా తిరిగొస్తుంది. మాతో తిరిగే ఆడపిల్లలందరూ అంతే. ఒకరోజు కూడా మేం ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఆ ఊళ్ళలో నాతో పోయినాం, తియ్యలేదు అన్న మొహాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నీళ్ళు తాగి రమ్మన్నారు, తాగితే దారిలో ఒంటికి వస్తుంది, కూర్చునే చోటు లేదు అని ఆ మాట ఎవరి ముందు చెబుతారు? చేతిలో ఫోను పట్టుకుని, ఖర్చెంత, దూరమెంత అని అడిగే నాలాంటిదాని ముందు చెబుతారా? నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, కోపం ఎక్కువైంది కాబట్టి.

వదినా, ఊరికి పోవద్దు, ఈ పూట మా ఇంట్లో ఉండు అన్నాను. వద్దంది. గేదెలు అంది. అన్న చూసుకుంటాడన్నాను. అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఈ కనబడటంతో ఒకరింట్లో పడుకోలేను, పక్కలు పాడవుతాయి అంది. ఒకరింట్లోనా! నాకు తల్లి లేని లోటు తీర్చిన మనిషి నా ఇంటిని ఒకరిల్లు అంది. ఆటోను పిలిచి, చెయ్యి పట్టుకుని ఎక్కించాను. మంచం వేస్తే దిగి చాప మీద పడుకుంది, పాత చీర పరచుకుని. నేను కూడా పక్కనే కింద పడుకున్నాను.

పొద్దున లేచాక మా ఇంట్లో రెండు చెంబులు నీళ్ళు, పైన మజ్జిగ తాగించాను. బాత్రూము పక్కనే ఉందన్న ధైర్యంతో తాగింది. ఆటోలో ఆస్పత్రికి పోయేసరికే, తొందరగా పిలవమనమ్మాయ్ అని నా భుజం పట్టుకుని గుంజుతోంది. ఆయమ్మ మమ్మల్ని చూసి నవ్వి, వెంటనే లోపలికి పంపింది. అదే గది, అదే మిషను, అదే ఉచితం. బెంచీ మీద నేను సరిగ్గా కూర్చోకముందే వదిన బయటికి వచ్చి బాత్రూము వైపు పరుగెత్తింది.

లోపలి డాక్టరు మాత్రం నన్ను పిలిచాడు. గర్భసంచి లోపలి పొర ఉండాల్సిన దానికంటే బాగా మందంగా ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఆలస్యం చేయకండి అన్నాడు. వదినకు ఎలా చెప్పాలా అని నేను తడబడుతుంటే, ఆమె వచ్చి, ఏదో ఉండాదంట గదా, నీ ముఖం చూస్తే తెలియదా అంది.

పరీక్షకు ముక్క తీసి పంపారు. ఫలితం వచ్చేలోగా నేను మేడంకు ఫోను చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మొదట ఆమె చిన్నగా నవ్వింది, నీళ్ళు తాగకపోవడమా అని. నేను నవ్వలేదని గ్రహించి ఆగిపోయింది. తర్వాత, దీన్ని మనం ఎలా కొలుస్తాం అని అడిగింది. కొలిచే సంగతి మీరు చూసుకోండి మేడం, ముందు వాళ్ళను అవసరం లేదనుకున్నవాళ్ళ దగ్గర నుంచి తీసేయండి అన్నాను. తీసేస్తామంది. అడగాల్సిన ప్రశ్న మీరే రాసి పంపండి అని కూడా అంది. ఆ మాటతో ఆమె మీద నాకున్న కోపం చాలావరకు తగ్గింది.

ఆ వారమే మళ్ళీ ఆ ఊళ్ళకు పోయాను. ఈసారి చేతిలో ఏమీ పట్టుకోకుండా అరుగు మీద కూర్చుని, నేను బస్సెక్కే రోజు నీళ్ళు తాగనమ్మా, మీరు తాగుతారా అని అడిగాను. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వులు. నవ్వయ్యాక ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. తాగి బయలుదేరి బస్సులోనే చీర తడుపుకున్న ఒకామె, ఆ సిగ్గుకు మళ్ళీ టౌను మొహం చూడలేదంది. కడుపులో గడ్డ ఉందేమోనని డాక్టరు అనుమానపడ్డ ఇంకొకామె, ఎప్పటికైనా టౌనులో చుట్టాలు దొరికితే తీయించుకుంటానంది. టౌనులో చుట్టం లేకపోవడం జబ్బుకు సంబంధించిన సంగతి అని మా సంస్థలో ఎవరూ అనుకుని ఉండరు. మా ఇంటికి రా అమ్మా అని చెప్పి ఫోను నంబరు ఇచ్చాను. ఆమె ఇంకా రాలేదు.

పరీక్ష ఫలితం వచ్చింది. అనుకున్నదే. టౌనులో కాన్సరు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి అన్న, వదిన, నేను ముగ్గురం పోయాం. అప్పటికి అన్నకు అంతా చెప్పేశాను. ఆయన వినీ విననట్టు తలుపు దగ్గరే నిలబడ్డాడు. మళ్ళీ పెద్ద స్కానింగ్ తీశారు. డాక్టరు ఆ ఫిల్ములు వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. వయసులో చిన్నవాడే, మెత్తగా మాట్లాడతాడు. జబ్బు గర్భసంచి దాటి పక్కకు పాకింది, ఒక్క ఆపరేషనుతో పోదు, తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టాలి, మందులూ ఎక్కించాలి, పూర్తిగా నయమవుతుందని నేను ఇప్పుడే మాట ఇవ్వలేను, కానీ మన ప్రయత్నం మనం చేద్దాం అన్నాడు. నార్లు పోసే రోజుల్లో మొదలైందని వదినే చెప్పింది. ఆయన నెలలు లెక్కపెట్టుకున్నాడు. అప్పుడే చూసి ఉంటే గర్భసంచి తీసేస్తే సరిపోయేది అన్నాడు. అన్న తలుపు పట్టుకుని కిందికి చూస్తున్నాడు.

డాక్టరు ఫిల్ములు పక్కన పెట్టి, వదిన వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాడు. కోపంతో అడగలేదు. నిజంగా బాధపడే అడిగాడు.

నేను కుర్చీలోంచి లేచాను. రోడ్డు గురించి, గుంటల గురించి, ఆ కుళాయి గురించి అంతా ఆయన ముఖం మీద కుమ్మరించేద్దామనుకున్నాను. వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చీర చెంగు సర్దుకుని, తనే ఏదో తప్పు చేసినట్టు ఆయన వైపు చూసింది.

"వస్తానే ఉండాను సార్," అంది.